శివ మళ్లీ చూశా... ఈసారి జేడీ వెనక నిలబడ్డవాళ్లని చూశా

అందరికీ నమస్తే. శివ 4కేలో మళ్లీ థియేటర్లకి వచ్చింది కదా, 2025 నవంబర్ 14న. మొదటి రోజే సెకండ్ షోకి వెళ్లా. నా పక్క సీట్లో ఒకాయన, యాభై దాటి ఉంటాయి, శివ సైకిల్ దగ్గరికి వంగాడో లేదో లేచి నిలబడిపోయాడు. చైన్ ఇంకా తెగనే లేదు! వాళ్లావిడ చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

సౌండ్ అట్మాస్‌లో చేశారు, బాగుంది. ఇళయరాజా గారి బ్యాక్‌గ్రౌండ్ గురించి మాట్లాడే స్థాయి నాకు లేదు. ప్రింట్ శుభ్రంగా ఉంది. టెక్నికల్ ముచ్చట ఇంతే, ఇక వదిలేద్దాం.

ఎందుకంటే ఈసారి నా కళ్లు నాగార్జున మీద లేవు. జేడీ, అదే భవాని అనే పెద్ద రౌడీకి కాలేజీలో మనిషిగా ఉండే స్టూడెంట్ లీడర్, వాడి వెనకాల కొంతమంది కుర్రాళ్లు ఉంటారు, గమనించారా? చెప్పుకోదగ్గ డైలాగులు కూడా ఉండవు వాళ్లకి. జేడీ ఎటు నడిస్తే అటు నడుస్తారు. వీళ్లెవరు, ఇళ్లు ఎక్కడ, పొద్దున్నే లేచి ఈ పనికి ఎందుకొస్తున్నారు? చిన్నప్పటి నుంచి పదిసార్లు చూసుంటా ఈ సినిమా, ఒక్కసారి కూడా ఈ ప్రశ్న రాలేదు నాకు. ఈసారి వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్తా.

డిగ్రీలో నా క్లాస్‌మేట్ ఒకడుండేవాడు. పేరు చెప్పను. వాళ్ల నాన్న ఆటో నడిపేవారు. వీడికి ఫైనాన్స్‌లో తీసుకున్న బండి ఒకటి ఉండేది, రెండు నెలల వాయిదా కట్టలేదని మధ్యాహ్నం కాలేజీ గేటు దగ్గరే లాక్కెళ్లిపోయారు, అందరూ చూస్తుండగా. వాడి మొహం నాకింకా గుర్తుంది. ఏడవలేదు. తాళం చెవి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు, బండి లేకుండా తాళం ఒక్కటే. ఎవరో 'అన్న'కి చెప్పమన్నారు. అన్న ఒక్క ఫోన్ చేశాడు. సాయంత్రానికి బండి వచ్చేసింది, పైగా ఫుల్ ట్యాంక్ కొట్టించి మరీ పంపాడు.

ఆ ఫుల్ ట్యాంకే అసలు వల అండీ. బండి విడిపించడం సాయం. పెట్రోల్ మాత్రం ప్రేమ! మా వాడు అలాగే అన్నాడు, "మా నాన్న కూడా ఎప్పుడూ కొట్టించలేదురా" అని. వాళ్ల నాన్న దగ్గర డబ్బుల్లేక కొట్టించలేదు, ఆ సంగతి వాడికీ తెలుసు.

రెండు నెలలకి ఫోనొచ్చింది. "ఊరికే వచ్చి కూర్చో, నువ్వేం మాట్లాడక్కర్లేదు." అంతే పని. ఎవరిదో స్థలం తగాదా, సెటిల్మెంట్. సెటిల్మెంట్ అంటే సినిమాల్లోలాగా కత్తులు తీయరు. ఎవరి వెనక ఎంతమంది ఉన్నారో చూపిస్తారు. అవతలివాడు పదిమందితో వస్తే నువ్వు పాతికమందితో వెళ్లాలి. ఆ పాతికలో ఒకడు మా వాడు. బిర్యానీ పెట్టారు, చేతిలో ఐదొందలు పెట్టారు. వాడి దృష్టిలో వాడేం తప్పు చేశాడు? సుమోలో కూర్చున్నాడు, బిర్యానీ తిన్నాడు.

ఇది తెలిశాక జేడీ వెనక ఉన్నవాళ్లని చూస్తే ఒళ్లు జలదరించింది. వాళ్ల పని కూడా అదే, లెక్కకి నిలబడటం.

దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ చదివింది విజయవాడలో, ఇంజనీరింగ్. ఆ కాలేజీ రోజుల్లో చూసిందే ఈ సినిమాకి ముడిసరుకని ఆయన చాలాసార్లు చెప్పారు. ఆ ఊళ్లో చూడ్డానికి బోలెడంత ఉండేది మరి. 1970ల నుంచీ స్టూడెంట్ యూనియన్లూ, ట్రాన్స్‌పోర్ట్ యూనియన్లూ, పార్టీలూ ఒకదాన్నొకటి పెనవేసుకుని పెరిగాయి. దేవినేని సోదరుల యునైటెడ్ స్టూడెంట్స్ ఆర్గనైజేషన్ ఒకవైపు, వంగవీటి వర్గం ఇంకోవైపు. రెండు వైపులా అన్నదమ్ములు పోయారు. ఎమ్మెల్యేగా ఉన్న వంగవీటి రంగాని 1988 డిసెంబర్ 26న, నిరాహార దీక్షలో ఉండగానే చంపేశారు. ఊరు తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు. శివ వచ్చింది 1989 అక్టోబర్ 5న. ఏడాది కూడా కాలేదు. అప్పట్లో హాల్లో కూర్చున్న విజయవాడ కుర్రాడికి భవాని ఎవరో ఒకరు విడమరిచి చెప్పాల్సిన పనుండేది కాదు.

భవాని అంటే గుర్తొచ్చింది, రఘువరన్! గొంతు పెంచడు. పెంచాల్సిన అవసరం లేనివాడే పెద్ద రౌడీ అని తెలుగు సినిమాకి నేర్పించింది ఆయనే. పక్కన నానాజీగా తనికెళ్ల భరణి గారు, ఈ సినిమాకి మాటలు రాసింది కూడా ఆయనే. పైన రాజకీయ నాయకుడు మాచిరాజుగా కోట గారు. వరస చూడండి. మాచిరాజుకి భవాని కావాలి, భవానికి జేడీ కావాలి, జేడీకి ఆ కుర్రాళ్లు కావాలి. ఆ కుర్రాళ్లకి ఏం కావాలి? సినిమా ఆ మెట్టు దాకా దిగి ఆగిపోయింది. నా కంప్లైంట్ అదొక్కటే.

కాదు, ఇంకోటి కూడా ఉంది. కులం. విజయవాడ గొడవల్లో 'మనోడు' అన్న మాటకి ఉన్న బరువు ఇంతా అంతా కాదు. ఫలానా అన్న మనోడు అంటే చాలు, వాడి ముఖం చూడనివాడు కూడా వాడి బ్యానర్ కట్టేవాడు. శివలో ఎక్కడా ఆ ఊసే ఉండదు. 1989లో ఆ నిప్పు ముట్టుకోవడం కష్టమే, ఒప్పుకుంటా. కానీ అది తీసేస్తే సగం కారణం తీసేసినట్టే.

మరి శివ సంగతేంటి? వాడూ ఆ దారిలోనే వెళ్లాడు కదా. ముందు ఒక దెబ్బ, అది న్యాయమైన దెబ్బే. తర్వాత ఎలక్షన్, అదీ న్యాయమే. స్నేహితుడు మల్లిని భవాని మనుషులు చంపేశాక ఇక ఆగడం చేతకాదు. ఏ అడుగూ తప్పనిపించదు, వెనక్కి తిరిగి చూస్తే మాత్రం ఇల్లు ఎక్కడో ఉంటుంది. చివరికి శివ సొంత అన్న కూతురి ప్రాణం పోతుంది. ముప్పై ఆరేళ్ల సినిమాకి స్పాయిలర్ ఏంటండీ, తిట్టకండి.

ఇదంతా పాత కథ అనుకుంటున్నారేమో. 2020 మే నెలాఖరులో, లాక్‌డౌన్ టైంలో, అదే విజయవాడ పటమటలో రెండు బ్యాచ్‌లు నడిరోడ్డు మీద కత్తులతో కొట్టుకున్నాయి. ఒకరి ప్రాణం పోయింది. ఓ ఆస్తి సెటిల్మెంట్ దగ్గర మొదలైందని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అప్పుడు కూడా నాకు ఆ పాతికమందే గుర్తొచ్చారు, ఊరికే వచ్చి కూర్చోమంటే వచ్చినవాళ్లు.

మా వాడి మీద రౌడీషీట్ తెరిచారు. ఓ సెటిల్మెంట్‌లో ఎవడో ఎవడి తలో పగలగొడితే అక్కడున్న అందరి పేర్లూ కేసులోకి ఎక్కాయి. షీట్ పడ్డాక ఉద్యోగం ఎవరిస్తారు? ఊళ్లో పండగొచ్చినా ఎలక్షనొచ్చినా ముందు వీళ్లనే స్టేషన్‌కి పిలిచి బైండోవర్, అంటే గొడవలకి పోమని పూచీ, రాయించుకుంటారు. అప్పుడు లాయర్‌ని పంపేది ఎవరు? అన్నే. అంటే వద్దనుకున్నా పోలేని చోటికి వచ్చేశాడు. మొదట్లో అన్న వాణ్ని లాగాడు, తర్వాత ఆ షీటే వాణ్ని అక్కడ కట్టేసింది. సినిమాల్లో ఈ రెండో సగం ఎవరూ తీయరు, ఇందులో ఫైట్ లేదు మరి.

సరే, రేటింగ్. ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు కట్ చేశానో చెప్పేశా. వీలు దొరికితే థియేటర్లోనే చూడండి, ఆ చైన్ చప్పుడు ఫోన్లో రాదు.

షో అయ్యాక బయటికొచ్చి మా వాడికి ఫోన్ చేశా. నేను ఇంకోసారి చూస్తా, ఆదివారం పొద్దున షోకి టికెట్లు తీస్తా, రారా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఆదివారం కుదరదురా, స్టేషన్లో కౌన్సెలింగ్‌కి వెళ్లాలి. శనివారం ఏమన్నా ఉందేమో చూడు" అన్నాడు.