సన్నాయి గాంధారాన్ని దిద్దకండి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి శ్రమపడి వచ్చిన తెలుగువారందరికీ నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఈ పర్లాకిమిడిలో, వారి పుట్టినరోజున మాతృభాష గురించి మాట్లాడమన్నారు. నేను సంగీతం మాస్టారిని. ఒక స్వరం గురించి మాట్లాడతాను, అనుమతించండి.

పంతులు గారు సవర గిరిజనుల భాష నేర్చుకున్నప్పుడు తెలుగు అక్షరాలకు లొంగని ధ్వనులు ఎదురయ్యాయి. వాటిని దగ్గరి అక్షరంలోకి తోసేసి ఊరుకోలేదు. చెవికి వినబడినది వినబడినట్టు కాగితం మీదికి ఎక్కించడానికి ఏళ్లు వెచ్చించారు. సవర నిఘంటువు 1938లో అచ్చయ్యేనాటికి ఆయన వయసు డెబ్బై దాటింది.

ఇక నా బాధ వినండి. మన పెళ్లిళ్లలో అప్పగింతల వేళ సన్నాయి మీద వాయించే వరుస ఒకటుంది. పెద్దాయన ఒకరు వాయిస్తుంటే పక్కనే కూర్చుని ఆయన వేళ్లు చూశాను. గాంధారం, అంటే సరిగమల్లోని 'గ' దగ్గర వేలు పూర్తిగా ఎత్తరు. రంధ్రం అంచున వేలికొన ఆనించి, ఊపిరి కాస్త తగ్గిస్తారు. అప్పుడు పలికే స్వరం కింది మెట్టు 'గ' అయిన సాధారణ గాంధారానికీ, దాని పై మెట్టు 'గ' అయిన అంతర గాంధారానికీ నడుమ నిలుస్తుంది. ఎన్నిసార్లు వాయించినా అక్కడే నిలుస్తుంది. అది ఆయన గురువు నేర్పిన చోటు.

ఆ వరుసను కంప్యూటర్‌లో స్వరలిపి రాసే మ్యూజ్‌స్కోర్‌లో రాశాను. స్వరాన్ని ఒక మెట్టు దింపే ఫ్లాట్ గుర్తును ఎడమకు తిప్పినట్టుండే గుర్తు అందులో ఉంది. మెట్టుకు వంద సెంట్ల లెక్కన అది స్వరాన్ని యాభై సెంట్లు, అంటే అర మెట్టు దింపుతుంది; దాన్నే పావు స్వరం అంటారు. ఒక ప్రత్యేక సంచికవారు అడిగితే ఇచ్చాను. అచ్చులో చూస్తే తిరగేసిన ఫ్లాట్లన్నీ మామూలు ఫ్లాట్లయ్యాయి! అచ్చుతప్పులనుకుని దిద్దారట. అది చూసి ఒక అమ్మాయి కీబోర్డు మీద వాయిస్తే, పెద్దాయన విని, "ఇది మా వరుస కాదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కంప్యూటర్‌కు ఈ చిక్కు ఎందుకంటే, కంప్యూటర్‌కు స్వరాలను అంకెల్లో చెప్పే మిడి పద్ధతిలో స్వరాలకు 0 నుంచి 127 వరకు అంకెలే ఉన్నాయి. రెండు మెట్ల నడుమ స్వరానికి అంకె లేదు. పిచ్ బెండ్ అనే ఆదేశంతో స్వరాన్ని వంచాలి. వంపు లేనప్పుడు దాని విలువ 8192. మామూలు అమరికలో పావు స్వరం దింపాలంటే 6144 ఇవ్వాలి. ఆ వంపు ఆ చానల్‌లోని, అంటే ఆ దారిలో వెళ్లే స్వరాలన్నింటికీ తగులుతుంది కాబట్టి, వెనక ఆగకుండా మోగే శ్రుతిని అదే చానల్‌లో పెడితే శ్రుతే జారిపోతుంది! సన్నాయికి వేరే చానల్ ఇవ్వండి. మ్యూజ్‌స్కోర్ పాత వెర్షన్లలో ఈ గుర్తు కంటికే, చెవికి తేడా ఉండదు. ట్యూనింగ్ గడిలో మైనస్ 50 అని మనమే వేసుకోవాలి.

యాభై అనేది కూడా ఒక రాజీయే, ఒప్పుకుంటాను. సన్నాయిలో అది ముప్పైయో నలభైయో కావచ్చు. అప్పుడు ఆ అంకెనే గుర్తు పక్కన రాయండి. సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో స్వరాలు అచ్చువేయిస్తూ గమకాలకు, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరులకు గుర్తులు పెట్టించారు. సీసపు అచ్చులతో ఆయన చేయించగలిగిన పని కంప్యూటర్ పెట్టుకుని మనం చేయలేమా?

వెనక వరుసలోని పిల్లలూ, మీకే చెబుతున్నాను. రికార్డింగు ఇస్తే స్వరలిపి రాసిచ్చే యాప్‌లు చాలావరకు నడుమ స్వరాన్ని దగ్గరి మెట్టుకు నెట్టేస్తాయి. వాటి మాట నమ్మేసి ఊరుకోకండి. మీ ఇళ్లలో సన్నాయి, జముకు వాయించే తాతలున్నారు. ముందు షడ్జం, అంటే 'స' ఒక నిమిషం పట్టించి, తర్వాత పాట రికార్డు చేయండి. మిగతా స్వరాలను కొలిచేది ఆ షడ్జాన్ని బట్టే. ఆదివారాలు ఉదయం నేను ఇంట్లోనే ఉంటాను, ఫోను పట్టుకుని రండి.

ఆ సంచికకు రెండో ముద్రణ వేస్తున్నారని విన్నాను. సంపాదకులు ఈ సభలోనే ఉన్నారు. అయ్యా, నా రాతప్రతిలో ఆ గుర్తులు ఎక్కడున్నాయో అక్కడే పెట్టండి. ప్రూఫులు నేను చూసిపెడతాను.