గోడ మీది రాహుకాలం

శ్రోతలకు నమస్కారం.

జనవరి చివర్లో ఒక శుక్రవారం. చెన్నై వెస్ట్ మాంబళంలో మాకు బాగా కావలసినవాళ్ళు అద్దె ఇల్లు మారుతున్నారు. మేం వెళ్ళేసరికి పదిన్నర కావడానికి ఐదు నిమిషాలుంది. పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టారు, గిన్నెలో పాలు పోశారు. అగ్గిపుల్ల గీయబోతుంటే ఆ ఇంటి పెద్దావిడ గోడ వైపు చూసి "ఆగండాగండి" అంది. సామానింకా వ్యానులోంచి దిగలేదు గాని, విజయవాడ నుంచి తెప్పించుకున్న కేలండరు మాత్రం అప్పుడే మేకుకు వేలాడుతోంది. శుక్రవారం రాహుకాలం 10:30 నుంచి 12:00. అంతే, ఇంకెవరూ పొయ్యి ముట్టుకోలేదు. కింద వ్యాను డ్రైవరు హారను కొట్టి కొట్టి చివరికి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. 12:05కి పాలు పొంగాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి, ఊరుకోలేను కదా. రాహుకాలానికి ఒక లెక్క ఉంది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చెయ్యాలి. శుక్రవారం నాలుగో భాగం రాహువుది. ఆరింటికి తెల్లారి ఆరింటికే పొద్దుగూకితే ఒక్కో భాగం గంటన్నర, కేలండరు చెప్పినట్టే పదిన్నరకు మొదలవుతుంది. కాని జనవరి చివర్లో చెన్నైలో సూర్యుడు వచ్చేది సుమారు 6:35కి, వెళ్ళేది 6:10కి. భాగానికి 87 నిమిషాలు. మూడు భాగాలు గడిచేసరికి 10:56. నాలుగోది ముగిసేది 12:23కి. అంటే పొయ్యి వెలిగించబోయిన క్షణంలో రాహుకాలం లేదు. గంటన్నర కాచుకుని, సరిగ్గా రాహుకాలంలోనే పాలు పొంగించారు. నేనక్కడ ఏమీ అనలేదు. పాయసం గిన్నె చేతిలో పెట్టాక ఎవరు మాత్రం లెక్కలు చెబుతారు?

ఈ ఊళ్ళో రాహుకాలాన్ని పిల్లలకు కూడా ఒక తమిళ వాక్యంతో నేర్పిస్తారు. "తిరునాళ్ సందడియిల్ వెయిలిల్ పురప్పట్టు విళైయాడ సెల్వదు న్యాయమా?" తిరునాళ్ళ సందట్లో ఎండన పడి ఆడుకోబోవడం న్యాయమేనా అని. తి అంటే తింగళ్, సోమవారం, ఏడున్నరకు. స అంటే శని, తొమ్మిదికి. వె అంటే వెళ్ళి, మన శుక్రవారం, పదిన్నరకు. అలా గంటన్నర చొప్పున జరుగుతూ చివరికి ఆదివారం నాలుగున్నరకు. గుర్తుంచుకోవడానికి ముచ్చటైన చిట్కా. వచ్చిన చిక్కల్లా చిట్కానే శాస్త్రం అనుకోవడంలో ఉంది. నెల్లూరు నుంచి వచ్చిన మా నాయనమ్మ వర్జ్యం చూసేది, దుర్ముహూర్తం చూసేది. రాహుకాలం, యమగండం మా ఇంట్లో అడుగుపెట్టింది మద్రాసు వచ్చాకే.

న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడు కారు కొంటూ ఫోను చేశాడు. "మామయ్యా, ఇవాళ రాహుకాలం ఎప్పుడు?" "మీ ఊళ్ళో సూర్యుడు ఎన్నింటికి వచ్చాడురా?" అన్నాను. "అదెందుకు, కేలండరు చూసి చెప్పు" అన్నాడు. పంచాంగం ఒక ఊరికి కట్టేది. మన రైల్వే టైము 82½ డిగ్రీల రేఖాంశానిది. చెన్నై దానికి పడమరగా ఉంది, సూర్యుడి లెక్కన తొమ్మిది నిమిషాలు వెనక. 1906లో భారత ప్రామాణిక కాలం రాకముందు ఈ ఊరి గడియారాలు ఆ తొమ్మిది నిమిషాలు వెనకే నడిచేవి.

ఆ మద్రాసు టైము లెక్కగట్టిన ఖగోళ వేధశాల ఈ ఊరి నుంగంబాక్కంలో ఉండేది. 1792లో కట్టారు. ఇప్పుడక్కడ వాతావరణ కార్యాలయం ఉంది. దాని ఆవరణలో నాటి గ్రానైట్ స్తంభం నిలిచే ఉంది. దాని మీద చెక్కిన భాషల్లో మన తెలుగు కూడా ఉంది. అక్కడ పనిచేసిన చింతామణి రఘునాథాచారి పంచాంగాలు కట్టే కుటుంబంలో పుట్టినవారు. 1867లో, వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే ఒక నక్షత్రాన్ని కనిపెట్టారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నాడని జనానికి ముందే చెప్పడానికి ఇంగ్లీషులోనూ దేశభాషల్లోనూ పుస్తకం వేశారు. పాత పట్టికలు ఆకాశంతో తప్పుతున్నాయి, దూరదర్శినిలో చూసిన దాన్ని బట్టి పంచాంగం దిద్దుకోవాలన్నది ఆయన పట్టుదల. ఈ మాట అన్నది పంచాంగాన్ని వెక్కిరించేవాడు కాదు, పంచాంగం పుట్టిన ఇంట్లోంచి వచ్చినవాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ఆ తగువు ఇంకా తెగలేదు. తమిళనాట వాక్య పంచాంగం ఒకటి, తిరుక్కణితం ఒకటి. వాక్యం వాళ్ళకు చంద్రుడి నడక 248 రోజులకు 248 వాక్యాల్లో ఉంటుంది. అక్షరాలే అంకెలు. కంఠస్థం చేస్తే చాలు, ఆకాశం వైపు చూడనక్కర్లేదు. తిరుక్కణితం అంటే మన దృగ్గణితం, కంటికి కనిపించేదానితో సరిపోవాల్సిన లెక్క. శని కుంభరాశిలోకి వచ్చింది దృగ్గణితం ప్రకారం 2023 జనవరి 17న. శనికి పేరుపడ్డ తిరునళ్ళారు గుడి వాక్య పంచాంగం పాటిస్తుంది కాబట్టి అక్కడ ఉత్సవం చేసింది అదే ఏడు డిసెంబరు 20న. ఉన్న శని ఒక్కడే. పదకొండు నెలలు తేడా. ఆ మధ్యకాలంలో ఏలినాటి శని మొదలయ్యే మీనరాశివాళ్ళు ఎవరి లెక్కన భయపడాలి?

శని పేరెత్తాం కాబట్టి ఏలినాటి శని. ఇక్కడ ఏళరై శని అంటారు, ఏడున్నర అని అర్థం. జన్మరాశికి ముందు రాశి, ఆ రాశి, తరవాతి రాశి, ఒక్కోదానిలో రెండున్నరేళ్ళు. ఏ రోజు చూసినా పన్నెండు రాశుల్లో మూడింటికి ఏలినాటి శని ఉండి తీరుతుంది. అంటే మీరు ఎక్కిన ఇరవై ఒకటో నంబరు బస్సులో నలుగురిలో ఒకరికి. పైగా తమిళులు జీవితంలో మొదటిసారి వచ్చే ఏడున్నరేళ్ళ విడతను మంగు శని, రెండోసారి వచ్చేదాన్ని పొంగు శని అంటారు. పొంగు అంటే కలిసొచ్చే కాలం. వాళ్ళే కలిసొస్తుందన్న విడతకు కూడా మనవాళ్ళు నువ్వులనూనె సీసాతో పరుగెత్తుతారు.

ఇక పెళ్ళిళ్ళు. ఇక్కడ నాకు నవ్వు రాదు. లగ్నం, అంటే పుట్టిన క్షణాన తూర్పున ఉదయిస్తున్న రాశి, దాని నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే కుజదోషం. పన్నెండిట్లో ఐదు. అక్కడితో ఆగక చంద్రుడి నుంచీ శుక్రుడి నుంచీ కూడా చూడమంటారు. మూడిట్లోనూ తప్పించుకోవాలంటే ఏడు బై పన్నెండుని మూడుసార్లు గుణించాలి. స్థూలంగా ఐదింట ఒక వంతు వస్తుంది. ఐదుగురిలో నలుగురికి ఉండేదాన్ని దోషం అంటామా? అందుకే పాతవాళ్ళు కుజుడు సొంత రాశిలో ఉంటే స్వక్షేత్రమనీ, బలమెక్కువైన రాశిలో ఉంటే ఉచ్చ అనీ బోలెడు మినహాయింపులు పెట్టారు. దోషం అందరి నోటా మిగిలింది, మినహాయింపులు పుస్తకంలో ఉండిపోయాయి. అబ్బాయి జీతం నచ్చకపోయినా, అమ్మాయి పొట్టిగా ఉన్నా, చెప్పడానికి మర్యాదైన మాట "జాతకాలు కలవలేదండీ". పాపం కుజుడి ఖాతాలో ఇలాంటివి ఎన్ని పడ్డాయో!

మా పైఅంతస్తులో ఒకమ్మాయి ఉంది. చార్టర్డ్ అకౌంటెంటు. మూలా నక్షత్రం. మామగారికి ఆగదని మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. నాలుగోవాళ్ళు ఫోను చేసినప్పుడు వాళ్ళమ్మ పుట్టిన టైము చెబుతూ గొంతు తగ్గించింది, తప్పు ఒప్పుకుంటున్నట్టు. చంద్రుడు ఇరవై ఏడు నక్షత్రాలూ నెలకోసారి చుట్టి వస్తాడు. ఇరవై ఏడుమంది కోడళ్ళలో ఇంచుమించు ఒకరిది మూల. ఇన్ని ఇళ్ళల్లో మామగార్లు నిక్షేపంగా పేపరు చదువుకుంటూనే ఉన్నారు. తమిళంలో ఒక సామెత ఉంది. "ఆణ్ మూలం అరసాళుం, పెణ్ మూలం నిర్మూలం." మగవాడి మూల రాజ్యమేలుతుంది, ఆడదాని మూల నిర్మూలం అని. అసలు మాట "ఆని మూలం", "పిన్ మూలం" అనీ, ఆని నెలలో వచ్చే మూల, మూల చివరి పాదం అనీ కొందరు తమిళ పెద్దలు చెబుతారు. అదే నిజమైతే ఆడపిల్లలు మోస్తున్నది శని బరువూ కాదు, కేతువు బరువూ కాదు, నోరు జారిన రెండక్షరాల బరువు.

నేను జాతకఫలాలు నమ్మను. గణితం మీద మోజే తప్ప. మీరు నమ్మితే నాకు తగువు లేదు.

మాంబళం సంగతి సగంలో వదిలేశాను. నెల తరవాత వాళ్ళబ్బాయి అడిగితే లెక్కంతా కాగితం మీద వేసి ఇచ్చాను. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి కేలండరు వెనక దోపింది. నాకు చాలా సంతోషం వేసింది. మొన్న శుక్రవారం వెళితే అసలు విషయం తెలిసింది. కేలండరూ కాదనలేరు, మాస్టారి లెక్కా కాదనలేరు. ఆ ఇంట్లో శుక్రవారం రాహుకాలం ఇప్పుడు పదిన్నరకు మొదలై పన్నెండూ ఇరవై మూడు దాకా నడుస్తోంది.