షో అయిపోయాక ఆ మనిషి సంగతేంటి?

నమస్తే అండీ. రియాలిటీ షోల మాట ఎత్తగానే ఎవరైనా మొదట అడిగేది ఒక్కటే. "అదంతా నిజంగా జరిగిందా, ముందే రాసిపెట్టుకున్నదా?" అని. నేనూ చాలా ఏళ్లు ఇదే అడిగాను. ఇప్పుడు మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే 1971కి వెళ్లాలి.

కాలిఫోర్నియాలో శాంటా బార్బరా. అక్కడ లౌడ్ అని ఒక కుటుంబం. తల్లి, తండ్రి, ఐదుగురు పిల్లలు. వాళ్లింట్లోకి కెమెరాలతో మనుషులొచ్చి ఏడు నెలల పాటు షూట్ చేశారు. తింటున్నా, పోట్లాడుకుంటున్నా, ఫోన్లో మాట్లాడుకుంటున్నా కెమెరా ఆగలేదు. దాదాపు 300 గంటల ఫుటేజ్ పోగైంది. 1973లో అమెరికా పబ్లిక్ టీవీలో 'ఆన్ అమెరికన్ ఫ్యామిలీ' అనే పేరుతో వచ్చేసరికి అది 12 ఎపిసోడ్లయింది, అంటే సుమారు 12 గంటలు. లెక్క వేసుకోండి. ప్రతి 25 గంటల్లో ఒక్క గంట మిగిలింది, 24 గంటలు పోయాయి.

మిగిలిన ఆ గంటల్లో ఏముంది? తల్లి పాట్ లౌడ్ తన భర్తను ఇల్లు వదిలి వెళ్లమని చెప్పడం ఉంది. పెద్ద కొడుకు లాన్స్ గే. ఆ సంగతి దాచుకోకుండా తనకు నచ్చినట్టు బతకడం ఉంది. అప్పటి టీవీలో అలాంటి మనిషి కనిపించడమే అరుదు. దేశమంతా ఆ ఇంటి మీద తీర్పు చెప్పడానికి కూర్చుంది. ఆ ఇంటివాళ్లేమో, మేం సంతోషంగా ఉన్న రోజులన్నీ ఏమైపోయాయి, అవన్నీ తీసేశారేంటని మొత్తుకున్నారు.

ఇక్కడే నా ప్రశ్న మారిపోయింది. అందులో డైలాగులు ఎవరూ రాయలేదు. జరిగిందంతా నిజంగానే జరిగింది. అయినా టీవీలో చూసుకుంటే అది తమ జీవితంలా లేదన్నారు వాళ్లు. అంటే "నిజమా, అబద్ధమా" అన్న ప్రశ్నకు ఈ షోలు ఎప్పుడూ దొరకవు. అడగాల్సింది వేరే. ఏది ఉంచారు, ఏది తీసేశారు, అలా తయారైన మనిషి బొమ్మను షో అయిపోయాక ఎవరు మోస్తున్నారు?

చిన్న విషయం ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1950లలో అమెరికాలో క్విజ్ షోల కుంభకోణం బయటపడింది. నిర్వాహకులే కొందరికి ముందుగా జవాబులు చెప్పేశారు. దాంతో 1960లో చట్టం తెచ్చారు. టీవీ పోటీల్లో ప్రేక్షకుల్ని మోసం చేసేలా ఫలితాన్ని ముందే తేల్చేస్తే నేరం. మంచిదే. కానీ ఆ చట్టం కాపాడేది పోటీని. మనిషిని కాదు. ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తే తప్పు. ఎవరు చెడ్డవాళ్లుగా కనబడాలో ఎడిటింగ్ టేబుల్ దగ్గర నిర్ణయిస్తే దాని జోలికి అది రాదు.

అది ఎలా చేస్తారో తెలుసా? కంటెస్టెంట్ ఒంటరిగా కూర్చుని కెమెరాతో మాట్లాడే గది ఉంటుంది కదా, కన్ఫెషన్ రూమ్. అక్కడ తనంతట తాను మాట్లాడుతున్నట్టు మనకు కనిపిస్తుంది. చాలాసార్లు కెమెరా వెనక ఒకరు కూర్చుని ప్రశ్నలు వేస్తుంటారు. ప్రశ్నను కూడా కలుపుకుని జవాబు చెప్పమంటారు. తర్వాత ప్రశ్న తీసేస్తారు, జవాబు ఉంచుతారు. రెండు వేర్వేరు రోజులు మాట్లాడిన ముక్కల్ని అతికించి ఒకే వాక్యంలా వినిపిస్తారు. ఈ రంగంలో వాళ్లు దీన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు. ఈసారి గమనించండి. మాట వినబడుతూ ఉంటుంది, సరిగ్గా ఆ మాట దగ్గర మనిషి మొహం మాయమై గోడో కిటికీయో ఇంకొకరి మొహమో కనిపిస్తుంది. అలా కనబడిన ప్రతిసారీ మోసమే అనను. కానీ అతుకు ఉంటే అక్కడే ఉంటుంది. ఇక ఎప్పుడో నవ్విన నవ్వును తెచ్చి ఇంకొకరి కన్నీళ్ల పక్కన పెడితే చాలు. వెనక కాస్త మ్యూజిక్. అంతే, విలన్ రెడీ.

ఇదంతా విని ఈయన రియాలిటీ షోలకు పూర్తిగా వ్యతిరేకం అనుకోకండి. కాదు. నాకు ఈ షోల మీద గౌరవం పుట్టించిన మనిషి ఒకరున్నారు. పేరు పెడ్రో జమోరా.

1994. 'ది రియల్ వరల్డ్' అని ఎంటీవీలో వచ్చే షో. ముక్కూమొహం తెలియని ఏడుగురు కుర్రాళ్లను, అమ్మాయిలను ఒకే ఇంట్లో పెట్టి తీస్తారు. ఆ సీజన్ శాన్ ఫ్రాన్సిస్కోలో. పెడ్రో వయసు 22. హెచ్ఐవీ ఉంది. అది కెమెరా ముందు దాచలేదు. ఆ రోజుల్లో హెచ్ఐవీ అంటే జనం పక్కన కూర్చోవడానికి కూడా జంకేవాళ్లు. అదే ఇంట్లో అతను అందరితో కలిసి తిన్నాడు, నవ్వాడు, గొడవపడ్డాడు, ప్రేమించాడు. స్కూళ్లకు వెళ్లి పిల్లలకు ఈ జబ్బు గురించి చెప్పాడు. ఎన్నో కరపత్రాలు పంచినా రాని మార్పు వారం వారం ఆ కుర్రాణ్ని చూడటం వల్ల చాలా ఇళ్లలో వచ్చింది. నవంబర్ 10న చివరి ఎపిసోడ్ వచ్చింది. మర్నాడు పెడ్రో చనిపోయాడు.

ఏ సినిమా చేయలేని పని అది. ఎందుకంటే నటుడైతే షూటింగ్ అయిపోయాక మేకప్ కడుక్కుని ఇంటికి వెళ్తాడని మనకు తెలుసు. పెడ్రో జబ్బు పెడ్రోదే. ఈ రకం షోలకున్న అసలు బలం అదే అని నేను నమ్ముతాను. మనం జీవితంలో ఎప్పుడూ కలవని మనిషిని తెచ్చి మన గదిలో కూర్చోబెడతాయి.

ప్రతిభ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్తాను. 2004లో జెనిఫర్ హడ్సన్ అనే గాయని 'అమెరికన్ ఐడల్' అనే పాటల పోటీలో ఏడో స్థానంలో ఎలిమినేట్ అయింది. 2007లో ఆస్కార్ అందుకుంది. ఓడిపోయినవాళ్లకు కూడా తలుపు తెరుచుకుందంటే అది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో 2010లో మొదలైన 'గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్'లో గెలిచినవాళ్లకు నగదు బహుమతే లేదు. అయినా జనం కళ్లప్పగించి చూశారు. అక్కడ తీర్పు చెప్పేది కేక్ మీద. కేక్ మాడితే మాడింది కేకే. ఇంట్లో బంధించే షోలలో ఎలిమినేట్ అయ్యేది నీ పాట కాదు, నీ వంట కాదు. నువ్వే. నీ నవ్వు, నీ కోపం, నువ్వు మాట్లాడే తీరు మాకు నచ్చలేదని లక్షల మంది ఓటేసి చెప్తారు. ఈ తేడా చాలా పెద్దది.

అయితే పాటల షోలు కూడా పాలతో కడిగినవి కావు. ఆడిషన్లలో అసలు పాడటమే రానివాళ్లను చూసి జడ్జీలు పగలబడి నవ్వడం గుర్తుందా? వాళ్లు నేరుగా జడ్జీల ముందుకు రారు. దానికి ముందే ప్రొడక్షన్ వాళ్లు వడపోస్తారు. అంటే పాడలేడని తెలిసే పైకి పంపారు. నీకు బాగా వచ్చు, వెళ్లు అన్న నమ్మకంతో ఆ పిల్లాడు లోపలికి వస్తాడు. నవ్వడానికి తెచ్చారని అతనికి ఒక్కడికే తెలియదు. నాకు ఆ సీన్లు ఇప్పుడు చూడబుద్ధి కాదు.

ఒంటికి జరిగే నష్టం కూడా ఉంది. 'ది బిగ్గెస్ట్ లూజర్' అని బరువు తగ్గే పోటీ. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత అమెరికాలో శాస్త్రవేత్తలు పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. 13 మంది మళ్లీ బరువు పెరిగారు. నలుగురు షోకి వచ్చినప్పటి కంటే ఎక్కువ బరువున్నారు. ఇంకా బాధ కలిగించే సంగతి ఏంటంటే, ఆ శరీరానికి ఉండాల్సిన దాని కంటే రోజుకు సగటున 500 కేలరీలు తక్కువ ఖర్చవుతున్నాయి. ఆరేళ్లయినా ఒళ్లు కోలుకోలేదు. వాళ్లు మళ్లీ లావయ్యారని తెలిస్తే జనం ఏమంటారు? బద్ధకం అంటారు.

ఇక హనా కిమురా. జపాన్‌లో 'టెర్రస్ హౌస్' అని, కొందరు ఒకే ఇంట్లో కలిసి ఉండే, నెమ్మదిగా, ప్రశాంతంగా సాగే షో ఉండేది. అరుపులు లేని మంచి షో అని ప్రపంచమంతా మెచ్చుకుంది. హనా అందులో ఒక రెజ్లర్. తనకు ఎంతో విలువైన రెజ్లింగ్ కాస్ట్యూమ్‌ని ఇంట్లో ఉండే కుర్రాడు పొరపాటున ఉతికి ఆరబెట్టే మిషన్లో పాడుచేశాడు. ఆమె కోపంతో అతని టోపీ కొట్టి పడేసింది. ఇంతే జరిగింది. ఆ ఎపిసోడ్ 2020 మార్చి చివర్లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె ఫోన్‌లోకి తిట్లు, శాపనార్థాలు కురిశాయి. ఆమె కుంగిపోయింది. అదే ఎపిసోడ్‌ను మేలో మళ్లీ టీవీలో వేశారు. మే 23న ఆమె ప్రాణం తీసుకుంది. 22 ఏళ్లు.

తిట్టినవాళ్లలో ఇద్దరికి శిక్ష పడింది. చెరో 9,000 యెన్ల జరిమానా. అప్పటి చట్టంలో అవమానానికి అంతకు మించి పెద్దగా వేయడానికి లేదు. ఆమె తల్లి పోరాడింది. 2022లో జపాన్ చట్టం మార్చింది. ఇప్పుడు ఏడాది వరకు జైలు, 3 లక్షల యెన్ల వరకు జరిమానా.

ఈ కథ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేనూ ఒకప్పుడు ఒక షోలో ఒక అమ్మాయిని చూసి, ఆమె మీద నోటికొచ్చినట్టు రాశాను. ఆమె చదివిందో లేదో తెలియదు. నేను చూసింది 25లో ఆ ఒక్క గంటే. మిగతా 24 గంటల్లో ఆమె ఎలా ఉందో నాకేం తెలుసు? ఈ వీడియో చేయడానికి అసలు కారణం అదే, దాచుకోను.

మార్పు లేదని కాదు. ఫ్రాన్స్‌లో 2009లో అత్యున్నత న్యాయస్థానం ఒక రియాలిటీ షోలో పాల్గొన్నవాళ్లను ఉద్యోగులుగానే చూడాలంది. అంటే అది సరదా కాదు, పని. పనికి గంటలుండాలి, హక్కులుండాలి. బ్రిటన్‌లో టీవీ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2021 ఏప్రిల్ నుంచి కొత్త నియమాలు పెట్టింది. పాల్గొనే సామాన్యుల క్షేమం చూసుకోవాల్సిన బాధ్యత ఛానెల్‌దే. ఈ నియమాలు అన్ని దేశాల్లోనూ రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. షోలు ఆపేయమనను. ఫైనల్ అయిన మర్నాడు కూడా ఆ మనిషి ఫోన్ ఎత్తే ఒకరు ఛానెల్లో ఉండాలంటాను.

లౌడ్ కుటుంబం సంగతి సగంలో వదిలేశాను కదా. ఆ షో తర్వాత తల్లిదండ్రులు విడాకులు తీసుకున్నారు. పెద్ద కొడుకు లాన్స్ 2001లో 50 ఏళ్ల వయసులో చనిపోయాడు. పోయే ముందు, అప్పట్లో తమ ఇంటిని తీసిన ఆ కెమెరా వాళ్లనే మళ్లీ రమ్మని పిలిచాడు. అమ్మానాన్నలు మళ్లీ ఒకే ఇంట్లో ఉండాలని తన చివరి కోరికగా చెప్పాడు. వాళ్లు ఆ మాట విన్నారు. దాదాపు 30 ఏళ్ల తర్వాత మళ్లీ ఒకే ఇంట్లోకి వెళ్లారు, చివరిదాకా కలిసే ఉన్నారు.