ఈ బోల్ట్ ఎయిర్ రైఫిల్ గురి ఎక్కడ చెడుతోందో దొరికింది!

అందరికీ నమస్కారం అండీ, విజయనగరం నుంచి. ఈ రైఫిల్‌ని ఒక డీలర్ గారు రివ్యూ కోసం పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో అయ్యాక రైఫిల్ తిరిగి పంపేయాలి. బరువెంత, పొడవెంత, రేటెంత అన్నవి మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి పోను. నేను చూసేది ఒక్కటే. ఒకే చోట గురి పెట్టి ఐదు కొడితే, ఐదూ ఒకే చోట పడుతున్నాయా?

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. ఇది పీసీపీ, అంటే ట్యాంకులో ముందే నింపుకున్న గాలితో కొట్టేది. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి. అందుకే మన దగ్గర లైసెన్స్ అడగరు. అలాగని పిట్టల మీదకి ఎత్తకండి, దండం పెడతాను. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకోడానికి వస్తాయి. అలాంటివాటిని కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నా ఛానెల్లో కాగితం టార్గెట్ తప్ప ఇంకేదీ కనబడదు.

టెస్ట్ మా మిల్లు గోడౌన్‌లో చేశాను. 10 మీటర్ల దూరం, తలుపులు మూసేస్తే గాలి ఆడదు. టార్గెట్ వెనక ఇసుక బస్తాలు, రైఫిల్ కింద ఇసుక నింపిన గోనెసంచి. చేతి వణుకు లెక్కలోకి రాకూడదు కదా. కంపెనీవాళ్లిచ్చిన మ్యాగజైన్‌తో (సీసపు గుళ్లని, అంటే పెల్లెట్లని, ఒక్కొక్కటిగా అందించేది) ఐదు కొడితే ఇదిగో, చూడండి. అటొకటి, ఇటొకటి. బాగా దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి 14 మిల్లీమీటర్లు! ఇంత ఖరీదైన రైఫిల్‌కి ఇది చాలా అన్యాయం.

నా పాత రైఫిల్ స్ప్రింగ్‌ది. అందులో పిస్టన్ అటూ ఇటూ కుదిపేస్తుంది, పట్టు కొంచెం మారినా దెబ్బ ఇంకో చోట పడుతుంది. దాంతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాను. పీసీపీలో ఆ కుదుపు దాదాపు ఉండదు. మరి ఇది ఎందుకు చెదురుతోంది? స్టాక్‌ని, అంటే భుజానికి ఆనించే భాగాన్ని, పట్టి ఉంచే స్క్రూలు చూశాను, గట్టిగానే ఉన్నాయి. స్కోప్ మౌంట్లూ కదలట్లేదు. కన్ను జరిగితే గురి జరిగినట్టు కనబడటాన్ని పారలాక్స్ అంటాం, స్కోప్‌లో దాన్ని 10 మీటర్లకి తిప్పి, కన్ను పక్కకి జరిపి చూశాను, క్రాస్ గుర్తు టార్గెట్ మీద జరగలేదు. బ్యారెల్ తుడిచాను. పెల్లెట్లు మార్చాను, బల్లపరుపు మూతివీ గుండ్రటివీ రెండూ. కొంచెం తగ్గింది గానీ, మధ్యలో ఒకటి ఎగిరిపోవడం మాత్రం ఆగలేదు.

అప్పుడు చేతికి తెలిసింది. బోల్ట్, అంటే పెల్లెట్‌ని బ్యారెల్‌లోకి నెట్టే కడ్డీ, ముందుకి తోస్తుంటే ఒకచోట సన్నగా పట్టేస్తోంది. అన్నిసార్లూ కాదు. పట్టేసినప్పుడే గురి చెడుతోంది! గాలంతా తీసేసి, బోల్ట్ తెరిచి, మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో అలా పట్టేసిన పెల్లెట్‌ని మెల్లగా వెనక్కి తోసి బయటికి తీశాను. కెమెరా దగ్గరికి పెడతాను, చూడండి. పెల్లెట్ వెనక పలచటి అంచు ఉంది కదా, దాన్ని స్కర్ట్ అంటాం. ఒక పక్క చిన్న ముక్క, గోటితో గిల్లినట్టు, లేచిపోయింది. సీసం మెత్తటిది అండీ. మ్యాగజైన్ రంధ్రం బ్యారెల్‌కి ఎదురుగా సరిగ్గా నిలవకపోతే, లోపలికి వెళ్లేటప్పుడే ఆ అంచు గీసుకుపోతుంది. వెనక నుంచి గాలి నెట్టేది ఆ అంచునే. అది ఒక పక్క చెడితే పెల్లెట్ బ్యారెల్ దాటేటప్పుడే వంకర పడుతుంది.

ఒలింపిక్స్ 10 మీటర్ల పోటీలో పదో రింగు అర మిల్లీమీటరు చుక్క. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఆ చుక్క మీదే. ఆ పోటీలో మ్యాగజైన్ ఉండదు. ఒక్కో పెల్లెట్ చేత్తో పెట్టుకోవాల్సిందే.

నేనూ అదే చేశాను. మ్యాగజైన్ తీసేసి సింగిల్ షాట్ ట్రే పెట్టాను. అదే రకం పెల్లెట్లు, అదే బస్తా. బోల్ట్ వెన్నలా వెళ్లింది. ఇదిగో ఐదు దెబ్బలు, 4 మిల్లీమీటర్లు! ఐదూ కలిసి ఒకే చిరుగు అయిపోయాయి. నాకు ఒళ్లు జలదరించింది. ఈ బ్యారెల్ బంగారం అండీ, నిజంగా.

గాలి సంగతి కూడా చెప్పాలి. చేతి పంపుతో 200 బార్ ఒత్తిడి ఎక్కించాలంటే చొక్కా తడిసిపోతుంది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ, మధ్యమధ్యలో ఆపి పంపులో చేరిన నీరు వదిలేయండి, లేకపోతే లోపల తుప్పు పడుతుంది. పెల్లెట్లు పట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి, అది సీసం.

కొనొచ్చా? కాగితం మీద గురి నేర్చుకునేవాళ్లు కళ్లు మూసుకుని కొనండి. ట్రిగ్గర్ కొంచెం బరువే, అయినా ఐదు దెబ్బలూ అంత దగ్గరగా పడ్డ ఆ గ్రూపింగ్ చూశాక నాకు అది పట్టింపే కాదు. మ్యాగజైన్ కోసమే కొనేవాళ్లయితే మాత్రం ఆగండి. డీలర్ గారూ, మీరు ఈ వీడియో చూస్తారు కాబట్టి అడుగుతున్నాను. ఆ ట్రేని విడిగా అమ్ముతున్నారు. దాన్ని పెట్టెలోనే పెట్టి ఇవ్వమని కంపెనీవాళ్లకి మీరే గట్టిగా చెప్పండి.