నారింజ రంగు వ్యాగన్లు, ఐసు దిమ్మలు, లెట్యూస్

శ్రోతలకు నమస్కారం. ఇవాళ గూడ్స్ బండ్ల గురించి మాట్లాడతాను. మన దగ్గరివి కావు, అమెరికావి, అదీ 1950 ప్రాంతంలో నడిచినవి. ఆ కాలపు వ్యాగన్లను చిన్న సైజులో అచ్చం అలాగే తయారు చేసుకుని, ఇంట్లో పట్టాలు వేసి నడిపే హాబీ అక్కడ ఎన్నో ఏళ్లుగా ఉంది. ఎక్కువమంది వాడే స్కేలు పేరు హెచ్ఓ, అంటే అసలు బండిలో 87వ వంతు. 40 అడుగుల వ్యాగన్ ఆ లెక్కన ఐదున్నర అంగుళాలకు వస్తుంది, అరచేతిలో పట్టేస్తుంది.

ఇంజన్ల మీద మోజు ఎవరికైనా ఉంటుంది. ఆవిరి, పొగ, కూత, అవన్నీ ఆకట్టుకునేవే, కాదనను. నా ఇష్టం మాత్రం ఇంజను వెనకాల వచ్చే వ్యాగన్ల మీద, ఎందుకంటే రైలు కంపెనీలకు డబ్బు తెచ్చింది ఎక్కువగా అవే, ఒక ఊరు ఏం పండించింది, ఏం తిన్నది, ఏం కట్టుకున్నది అనేది వాటిలోనే ప్రయాణం చేసింది. అందుకే ఈ హాబీలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, కొట్టుకెళ్లి నచ్చిన వ్యాగన్ కొనకండి. ముందు సరుకేమిటో తేల్చుకోండి. సరుకు తెలిస్తే ఏ రకం వ్యాగన్ కావాలో, ఏ కంపెనీదో, ఏ నెలలో వచ్చిందో, నిండుగా వచ్చిందో ఖాళీగా వచ్చిందో అన్నీ వాటంతట అవే తెలుస్తాయి.

ఒక ఊరు తీసుకుందాం. కాలిఫోర్నియాలో సలీనాస్. సముద్రానికి దగ్గరగా ఉండే లోయ, వేసవిలో కూడా చల్లగా ఉంటుంది, అందుకే అక్కడ లెట్యూస్ బాగా పండుతుంది. బర్గర్లలో, సలాడ్లలో వేస్తారే, ఆ ఆకు. దాన్ని తినేవాళ్లు ఎక్కువమంది చికాగోలో, న్యూయార్కులో ఉన్నారు. న్యూయార్కు అంటే దాదాపు 5 వేల కిలోమీటర్లు, మధ్యలో ఎడారులు, కొండలు, గూడ్స్ బండికి వారం పైన పట్టే దారి. కోసిన మర్నాటికే వాడిపోయే ఆకును అంత దూరం ఎలా పంపాలి?

దీనికోసమే పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ అనే కంపెనీ ఉండేది. యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ అనే రెండు రైలు కంపెనీలు కలిసి 1906లో పెట్టాయి. దాని పని ఒక్కటే, పళ్లు కూరగాయలు మోసే చల్లటి వ్యాగన్లు నడపడం. మంచి రోజుల్లో దాని దగ్గర సుమారు 40 వేల వ్యాగన్లు ఉండేవి. పక్కలకు నారింజ రంగు, దూరం నుంచే గుర్తుపట్టేయొచ్చు.

ఆ వ్యాగన్‌లో కరెంటుతో నడిచే యంత్రమేమీ లేదు. రెండు చివర్లా ఐసు పోసుకునే గదులు, పైకప్పు మీద నాలుగు మూలలా నాలుగు మూతలు, మధ్యలో సరుకు, గోడల్లో వేడి చొరబడకుండా కూరిన పొరలు. అంతే. రెండు గదులూ కలిపి నిండా ఐదు టన్నుల దాకా ఐసు పట్టేది. స్టేషన్ దగ్గర వ్యాగన్ల కప్పు ఎత్తున పొడవాటి చెక్క ప్లాట్‌ఫారం ఉండేది. ఒక్కొక్కటి 300 పౌండ్ల దిమ్మ, అంటే 136 కిలోలు, గొలుసు మీద జారుతూ వచ్చేది, మనుషులు కొక్కేల కర్రలతో దాన్ని లాగి, పగలగొట్టి, మూత తెరిచి లోపలికి తోసేవాళ్లు. అక్కడితో పని అయిపోదు, దారిలో కరిగిపోతుంది కదా. అందుకని రోజుకో చోట అన్నట్టు రోజ్‌విల్, ఆగ్డెన్, లారమీ, నార్త్ ప్లాట్ లాంటి ఊళ్లలో బండి ఆపి మళ్లీ నింపేవాళ్లు. 1940లలో కొన్ని వ్యాగన్లకు ఫ్యాన్లు వచ్చాయి, అవీ చక్రం తిరిగితేనే తిరిగేవి. వ్యాగన్ ఆగితే ఫ్యానూ ఆగిపోయేది.

ఇదంతా తెలిశాక మోడల్ చేసేటప్పుడు మీ చేతులు వేరేలా పనిచేస్తాయి. తలుపులు మూసిన వ్యాగన్‌లో సరుకు బయటికి కనపడదు, లోపల లెట్యూస్ పెట్టెలు ఎంత అందంగా చేసినా ఎవరూ చూడరు. మరి సరుకును ఎలా చూపించాలి? పైకప్పు మీది మూతలతో. ఐసు వేసి పంపితే మూతలు గట్టిగా మూసి ఉంటాయి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు లాంటివి వాతావరణాన్ని బట్టి గాలి తగిలితే చాలు అనుకుని పంపితే ఆ మూతలే కొంచెం ఎత్తి నిలబెట్టి ఉంటాయి. మాంసం పంపే వ్యాగన్లది ఇంకో రకం, ఐసులో ఉప్పు కలుపుతారు, దాంతో ఇంకా చల్లబడుతుంది, కానీ కారిన ఉప్పునీరు ఇనుమును తినేస్తుంది, కాబట్టి కింది భాగాల మీద తుప్పు ఎక్కువ కనపడాలి. ఒక చిన్న మూత ఏ కోణంలో ఉందో చూసి లోపల ఏముందో చెప్పగలగడం నాకు ఎప్పటికీ పాతబడని ఆనందం.

ఇంకొంచెం తవ్వితే విషయం ఇంకా పెద్దదవుతుంది. లెట్యూస్ ప్యాకింగ్ షెడ్డు దగ్గరికి నారింజ వ్యాగన్లు మాత్రమే వచ్చేవా? లేదు. ఆ రోజుల్లో లెట్యూస్‌ను చెక్క పెట్టెల్లో, వరసకీ వరసకీ మధ్య నలగ్గొట్టిన ఐసు వేసి సర్దేవాళ్లు. ఆ పెట్టెలకు చెక్క ముక్కలు కావాలి, అవి ఉత్తరాన అడవుల దగ్గరి రంపపు మిల్లుల నుంచి మామూలు బాక్స్ కార్లలో, అంటే మూసిన డబ్బా వ్యాగన్లలో వచ్చేవి. మేకులు రావాలి, కాగితం రావాలి. అంటే మీ షెడ్డు ముందు సైడింగ్‌లో, అంటే సరుకు ఎక్కించే పక్క పట్టాల మీద, నారింజ వ్యాగన్ల పక్కన ఒక ఎర్రమట్టి రంగు బాక్స్ కారు నిలబడి ఉండటం న్యాయం. తర్వాత 1950ల మొదట్లో వాక్యూమ్ కూలింగ్ వచ్చింది. కోసిన ఆకును పెద్ద గదిలో పెట్టి గాలి లాగేస్తే అందులోని తేమ ఆవిరై త్వరగా చల్లబడిపోతుంది. దాంతో పెట్టెల్లో ఐసు అవసరం లేకుండా పోయింది, చెక్క పోయి అట్టపెట్టెలు వచ్చాయి, చెక్క ముక్కల రాక తగ్గిపోయింది. కాబట్టి మీ మోడల్ 1948దా, 1956దా అన్నది చిన్న తేడా కాదు, ఆ షెడ్డు ముందు ఏయే వ్యాగన్లు నిలబడతాయో అదే నిర్ణయిస్తుంది.

నెల కూడా అంతే. సలీనాస్‌లో లెట్యూస్ సీజను వసంతం నుంచి శరత్తు దాకా. చలికాలంలో ఆ పంట దక్షిణాన ఇంపీరియల్ లోయకు మారిపోతుంది, వ్యాగన్లు కూడా పంట వెంట అక్కడికే వెళతాయి. డిసెంబరులో సలీనాస్ అని బోర్డు పెట్టి యాభై నారింజ వ్యాగన్ల బండి నడిపితే చూడ్డానికి బాగుంటుంది గానీ నిజం కాదు.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. కాలిఫోర్నియాలో లోడ్ చేసి కదిలిన వ్యాగన్లలో చాలావాటికి అప్పటికింకా కొనేవాడే ఉండేవాడు కాదు. బండి తూర్పు వైపు పోతూనే ఉంటుంది, వ్యాపారి టెలిగ్రాములు, ఫోన్ల మీద బేరాలాడుతూనే ఉంటాడు, బేరం కుదరగానే రైలు కంపెనీకి కబురు పెడితే దారిలో ఎక్కడో ఆ వ్యాగన్ దిశ మార్చి చికాగోకో, బోస్టన్‌కో పంపేవాళ్లు. అన్ని వేల వ్యాగన్లలో ఏది ఎక్కడుందో గుమస్తాలు కాగితం, పెన్సిలుతో కనిపెట్టి ఉండేవాళ్లు. కంప్యూటర్ లేని రోజుల్లో ఆ పని ఎంత టెన్షన్‌గా ఉండేదో ఆలోచించండి, ఒక్క పూట ఆలస్యమైతే సరుకు ధర పడిపోతుంది, ఇంకో పూట ఆలస్యమైతే సరుకే కుళ్లిపోతుంది.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయని మీరు అడగొచ్చు. మొదటిది, ఆఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్ అని ఎప్పటికప్పుడు అచ్చేసిన లావుపాటి పుస్తకం, అందులో ఏ కంపెనీకి ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఎలాంటి వ్యాగన్లున్నాయి, పొడవెంత, ఎత్తెంత, ఎన్ని మిగిలాయి అన్నీ ఉంటాయి. రెండోది శాన్‌బోర్న్ కంపెనీ మ్యాపులు. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం గీసినవి కాబట్టి ఏ కట్టడం చెక్కది, ఏది ఇటుకది అని రంగుల్లో చూపిస్తాయి, పసుపు అంటే చెక్క, గులాబీ అంటే ఇటుక. షెడ్డు ఎక్కడుంది, ఐసు ఫ్యాక్టరీ ఎక్కడుంది, సైడింగ్ ఎటు తిరిగింది అనేవి కూడా వాటిలోనే దొరుకుతాయి. చాలా మ్యాపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టారు, ఇక్కడ కూర్చుని కూడా చూడొచ్చు. అదే చోట జాక్ డెలానో అనే ఫొటోగ్రాఫర్ 1942, 43 ప్రాంతంలో ప్రభుత్వం కోసం చికాగో యార్డుల్లో తీసిన కలర్ ఫొటోలు ఉన్నాయి. యుద్ధకాలపు వ్యాగన్లు ఎంత మురికిగా, ఎంత పొగచూరి ఉండేవో వాటిలో చూడాల్సిందే.

మూడోది కండక్టర్ల పుస్తకాలు. మన గార్డులాంటివాడే గూడ్స్ బండి కండక్టరు. తన బండిలోని ప్రతి వ్యాగన్ కంపెనీ, నంబరు, అందులోని సరుకు, ఎక్కడికి పోతోంది అనేవి చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. అలాంటిది ఒక్కటి దొరికితే నాకు పండగే. అందులో అందమైన వర్ణనలేమీ ఉండవు, బొగ్గు, కలప, ఖాళీ, ఖాళీ, సిమెంటు, గోధుమలు, అంతే. కానీ ఆ ఒక్క బండిలో ఏమేం పోయాయో ఊహతో పనిలేకుండా తెలుస్తుంది. కాలిఫోర్నియాలో తిరిగే బండిలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ బాక్స్ కార్లు ఎందుకున్నాయా అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. బాక్స్ కారు దేశమంతా తిరుగుతుంది, ఖాళీ అయ్యాక దాన్ని సొంత కంపెనీ వైపు వెళ్లే సరుకుతోనే నింపి పంపాలని నిబంధన ఉండేది, అవసరం పడితే ఆ నిబంధనను పక్కన పెట్టడమూ మామూలే. అందుకే పెద్ద కంపెనీల బాక్స్ కార్లు ఎంత దూరపు ఊళ్లోనైనా కనపడతాయి.

ఫొటోల విషయంలో ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఫ్యాక్టరీ గేటు దాటకముందు తీసిన ఫొటోలో వ్యాగన్ పెళ్లికొడుకులా మెరుస్తుంటుంది. దాన్ని చూసి మోడల్ చేస్తే కొలతలు సరిపోతాయి గానీ ప్రాణం ఉండదు. వాడుకలో ఉన్నప్పటి ఫొటో కావాలి. వ్యాగన్ పక్కన ఖాళీ బరువు రాసి ఉంటుంది, దాని పక్కనే ఎప్పుడు, ఎక్కడ తూచారో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నేళ్లకోసారి మళ్లీ తూచి అంత మేరకే కొత్త రంగు పూసి కొత్త తేదీ వేస్తారు. ఫొటో మీద తేదీ లేకపోయినా ఆ అక్షరాలు చదవగలిగితే అది ఏ ఏడాది తర్వాతిదో తేలిపోతుంది. మోడల్ మీద కూడా మాసిపోయిన గోడ మధ్యలో ఆ చిన్న కొత్త రంగు ముక్క వేయండి, దాని చుట్టూ ఉన్న పాతదనం నమ్మబుద్ధవుతుంది. పాత నలుపు తెలుపు ఫొటోలతో ఇంకో చిక్కుంది. కొన్ని పాత ఫిల్ములకు ఎరుపు అసలు తెలియదు, నారింజ రంగు కూడా నల్లగా పడుతుంది. అలాంటి ఫొటో ఒక్కటి చూసి వ్యాగన్ రంగు ఇదీ అని తేల్చకూడదు.

ఇక పైకప్పు లేని వ్యాగన్లు, అంటే గోడలు కూడా లేని ఫ్లాట్ కార్లు, గోడలు మాత్రమే ఉన్న గొండోలాలు, వీటిలో సరుకు కళ్లముందే ఉంటుంది కాబట్టి మోడల్ చేసేవాళ్లకు అసలు పరీక్ష అక్కడే. దుంగలు, ఉక్కు పలకలు, పైపులు, ట్రాక్టర్లు ఎలా కట్టాలో అమెరికన్ రైలు కంపెనీల సంఘం బొమ్మలతో సహా నిబంధనల పుస్తకాలు వేసింది. ఎక్కడ మేకు, ఎక్కడ తీగ, ఎక్కడ చెక్క దిమ్మ, అన్నీ అందులో ఉంటాయి. చాలా మోడళ్లలో సరుకును ఊరికే వ్యాగన్ మీద పెట్టేసి వదిలేస్తారు, నాకది అస్సలు నచ్చదు. మొదటి మలుపులోనే పడిపోయే సరుకును ఏ రైల్వే ఉద్యోగీ బండిలో తగిలించనివ్వడు. సన్నటి తీగతో, చెక్క పుల్లలతో కట్టడం ఒక సాయంత్రం పని, చేసి చూడండి, ఆ వ్యాగన్‌కు ఒక్కసారిగా బరువు వచ్చినట్టు ఉంటుంది. బొగ్గుకైతే నిజం బొగ్గే దంచి జల్లెడ పట్టి వాడండి, ప్లాస్టిక్‌కు ఆ నలుపు రాదు.

పశువుల వ్యాగన్ల గురించి కూడా ఒక్క మాట. 1906 నాటి చట్టం ప్రకారం పశువులను 28 గంటలకు మించి వ్యాగన్‌లో ఉంచకూడదు, యజమాని రాసిస్తే 36 గంటలు. ఆ లోపు దించి, మేపి, నీళ్లు పెట్టి, విశ్రాంతి ఇవ్వాలి. అందుకే ఎక్కడో మైదానం మధ్య, చుట్టూ ఏమీ లేని చోట పట్టాల పక్కన పశువుల దొడ్లు కనపడతాయి. ఆ వ్యాగన్ల గోడల కింది సగం మీద తెల్లటి సున్నపు చారలు ఉంటాయి, అది రోగాలు రాకుండా కొట్టిన సున్నం.

ఐసు వ్యాగన్ల కాలం 1970ల మొదట్లో ముగిసింది. డీజిల్‌తో నడిచే చల్లటి వ్యాగన్లు వచ్చాయి, సరుకును చాలావరకు లారీలు లాక్కుపోయాయి. 1978లో పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్‌ను రెండు కంపెనీలూ పంచేసుకున్నాయి.

ఇదంతా వింటుంటే మన గూడ్సు షెడ్లు గుర్తొస్తాయి. అనకాపల్లి బెల్లం, గుంటూరు మిర్చి, గోదావరి జిల్లాల బియ్యం ఒకప్పుడు నాలుగు చక్రాల డబ్బా వ్యాగన్లలో పోయేవి, ఆ వ్యాగన్లు ఇప్పుడు పట్టాల మీద కనపడవు. మీ ఇంట్లో ఎవరైనా గార్డుగానో, గూడ్సు క్లర్కుగానో, స్టేషన్ మాస్టరుగానో చేసి ఉంటే ఒకసారి పాత ట్రంకు పెట్టె తెరిచి చూడండి. ఆర్ఆర్ కాగితాలు, అంటే సరుకుకు ఇచ్చిన రైల్వే రసీదులు, గార్డు రాసుకున్న పుస్తకాలు, షెడ్డు ముందు నిలబడి దిగిన ఫొటోలు ఉండొచ్చు. ఫొటోలో మనుషుల వెనకాల వ్యాగన్ నంబరు కనపడుతుంటే దాన్ని పెద్దది చేసి స్కాన్ తీసి పెట్టండి, వెనకవైపు ఊరి పేరు, ఏ ఏడాదో పెన్సిలుతో రాయండి. ఆ షెడ్డులో ఏ నెలలో ఏ సరుకు ఎక్కించేవాళ్లో పెద్దవాళ్లను అడిగి అదీ రాసి పెట్టుకోండి.