ఆబోతు కొనే ముందు జన్యు పరీక్ష: శ్రోతతో ఫోన్ సంభాషణ

వ్యాఖ్యాత: మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా నుంచి ఒక రైతు లైనులో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారం డాక్టర్ సారు. నాకు ఏడు దేవణి ఆవులున్నాయి. ఆబోతు కోసం ఒక కోడెను చూశాను. అమ్మే ఆయన జన్యు పరీక్ష కాగితం చూపించి ధర పెంచుతున్నాడు. అందులో దేవణి 88 శాతం అని ఉంది.

డాక్టర్: ఆ అంకె కోడెలో దేవణి జాతి వాటా ఎంతో మాత్రమే చెబుతుంది. దాని కూతుళ్లు ఎన్ని పాలిస్తాయో, దూడలు ఏడాదికి ఎంత బరువు పెరుగుతాయో అందులో ఉండదు. జాతి శాతానికి ఆబోతు ధర పెట్టడం నాకు సరిగా తోచదు.

శ్రోత: మరి విదేశాల్లో పరీక్షతోనే ఆబోతులను ఎంచుతారని విన్నాను సారు.

డాక్టర్: నిజమే. మన ఒంగోలు గిత్తల సంతతి అయిన నెలోర్ పశువులను బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచుతారు. అక్కడ ఏ కోడెను ఆబోతుగా ఉంచాలో తేల్చడానికి ఈ పరీక్ష వాడతారు. అయితే వేల పశువుల బరువులు ఏళ్ల తరబడి తూచి రాసిపెట్టి, వాటి జన్యు గుర్తులతో పోల్చినందువల్లనే అక్కడ ఆ అంచనా నిలుస్తుంది. వాళ్ల లెక్కలను తెచ్చి మన దేవణికి అతికిస్తే కుదరదు. మన దేశీ ఆవుల జన్యు పరీక్ష కోసం తయారైన గౌ చిప్‌ను 2024 అక్టోబరు 5న ప్రధాని మన రాష్ట్రంలోని వాశింలోనే విడుదల చేశారు. దానికీ ఈనిన తేదీలు, పాల కొలతలు రాసిన పుస్తకాలే బలం. మీరు రాస్తున్నారా?

శ్రోత: లేదు సారు. ఇంకో మాట. మా నాలుగు ఆవులకూ, ఆ కోడెకూ తండ్రి మా ఊరి గుడి ఆబోతే అంటున్నారు.

డాక్టర్: ఇది ముందే చెప్పవలసిన మాట! పరీక్ష మీకు అసలు అక్కరకు వచ్చేది ఇక్కడే. తండ్రి ఒక్కటే అయితే అవి అన్నాచెల్లెళ్ల వరస. వాటిని దాటిస్తే పుట్టే దూడలో రక్తసంబంధం పన్నెండున్నర శాతం చేరి, దూడలు బలహీనపడటం, ఆవులు చూలు నిలుపుకోలేకపోవడం పెరుగుతాయి. నాలుగు ఆవులవీ, కోడెవీ వెంట్రుకలు పంపితే ఊరి మాట నిజమో కాదో తేలుతుంది.

శ్రోత: వెంట్రుకలు కత్తిరించి పంపాలా?

డాక్టర్: కత్తిరించకూడదు. తోక కుచ్చు నుంచి ముప్పై దాకా వెంట్రుకలను కుదుళ్లతో సహా పీకాలి. పేడ అంటినవి, తడిసినవి వద్దు. ఒక్కో పశువుకు ఒక్కో కాగితపు కవరు వాడండి. అలాగే కోడెకు, ఆవుల చూలు పోగొట్టే అంటు జబ్బు బ్రూసెల్లోసిస్ పరీక్ష, వీర్య పరీక్ష విడిగా చేయించండి, వెంట్రుక ఆ సంగతులు చెప్పదు.

శ్రోత: బయానా ఇంకా ఇవ్వలేదు సారు. రేపే పీకుతాను.

డాక్టర్: కవరు మీద పశువు పేరు కాదు, చెవి పోగులోని 12 అంకెల నంబరు రాయండి.