పాత తేనెపెట్టెలో కొత్త ఈగల్ని దించొచ్చా? విప్పి చూపిస్తున్నా

నమస్కారమండీ. ఈరోజు రివ్యూ కొత్త పెట్టెది కాదు. పెంపకం మానేసిన ఒక రైతు దగ్గర తీసుకున్న పాత లాంగ్‌స్ట్రాత్ రకం పెట్టె ఇది, పది ఫ్రేములది, అంటే ఈగలు పట్టు (మైనపు గళ్లు) కట్టే చెక్క చట్రాలు పది. ఇందులోకి ఇటాలియన్ ఈగల కొత్త కాలనీని దించాలి. ఒక్కో భాగం విప్పుతాను, మీరే చూడండి.

ముందు చెక్క. మూలలు ఎక్కడా విచ్చుకోలేదు, చెదలు లేవు. ఈ అంచుల వెంట ఎర్రటి జిగురు కనిపిస్తోందా? అది ప్రోపోలిస్, ఈగలు చెట్ల నుంచి తెచ్చి పూసే జిగురు. దేశీ ఈగలు దీన్ని తేవు. అంటే ఇందులో ఇంతకుముందు ఉన్నవీ ఇటాలియన్ ఈగలే. హైవ్ టూల్‌తో (పెట్టె విప్పే ఇనుప పట్టీతో) గీకేసి, లోపల బ్లో టార్చ్ మంట తిప్పాలి. చెక్క లేత గోధుమ రంగుకు తిరిగితే చాలు, మాడ్చొద్దు. మూలల సందుల్లో మాత్రం కాస్త నిదానంగా తిప్పండి, పట్టుని తినే మైనపు పురుగు గుడ్లు అక్కడే దాక్కుంటాయి. చెక్కకి పదికి ఎనిమిది మార్కులు.

ఇప్పుడు పట్టు. ఈ ఫ్రేముని వెలుతురుకి అడ్డంగా పెడుతున్నా. అవతల నా వేళ్లు కనిపిస్తున్నాయా? లేదు కదా. కొత్త పట్టయితే కనిపించేవి. ఇది డికాషన్ రంగుకొచ్చేసింది. గడిలో పిల్ల పెరిగి బయటికొచ్చిన ప్రతిసారీ ఒక పొర మిగిలిపోతుంది. పొర మీద పొర పేరుకుని గడి ఇరుకైతే అందులో పుట్టే ఈగ కూడా చిన్నదే అవుతుంది. కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఈ సాలెగూడు లాంటి దారి చూడండి. మైనపు పురుగు తిరిగిన దారి. దానికి తెల్ల పట్టు కంటే పిల్లలు పెరిగిన ఈ నల్ల పట్టే ఇష్టం. కింద ఫ్రేము చెక్కని కూడా పడవ ఆకారంలో తొలిచేసింది.

కాస్త లేతగా ఉన్న పట్టు ఒకటి దొరికింది. దీన్ని డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచితే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. గంధకం పొగ పెడితే పురుగు చస్తుంది గానీ గుడ్లు మిగులుతాయి. కలరా ఉండలు మాత్రం వేయకండి, ఆ మందు మైనంలోకి ఇంకిపోతుంది.

ఈగల మీద బతికే వర్రోవా నల్లి గురించి టెన్షన్ వద్దు. ఈగలు లేని పెట్టెలో అది కొద్ది రోజులకు మించి బతకదు. ఇది నెలల తరబడి ఖాళీగా ఉన్న పెట్టె. నా భయమంతా ఈగ పిల్లల్ని చంపే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ జబ్బు గురించే. దాన్ని తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లా నిద్రాణంగా ఉండేవి) 30 ఏళ్లు దాటినా బతికుంటాయి, ఎండలో ఆరబెట్టినంత మాత్రాన చావవు. ఫ్రేము పై కమ్మిని మన వైపు వంచి, గళ్ల అడుగు గోడ మీద టార్చి వేసి చూడాలి. నల్లగా ఎండిన పొలుసు అతుక్కుని, గీకితే గడి చిరుగుతుంది గానీ అది ఊడిరాదు అనుకోండి, ఆ సరుకు ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు. ఇందులో అలాంటిది లేదు. అమ్మినాయన ఈగల్ని పక్క ఊరి రైతుకి ఇచ్చేశాడు, అక్కడ అవి బాగానే ఉన్నాయి. అది కనుక్కున్నాకే డబ్బులిచ్చాను. ఈగలు ఎలా పోయాయో చెప్పలేని మనిషి దగ్గర మాత్రం నేను కొనను.

అదే మీరు దేశీ ఈగల కోసం వాటి చిన్న పెట్టెల్ని పాతవి కొంటుంటే ఇంకా గట్టిగా చూసుకోండి. మైనపు పురుగు పట్టిన పెట్టెలో అవి ఉండవు, ఓ పొద్దున లేచిపోతాయి.

చివరిది క్వీన్ ఎక్స్‌క్లూడర్, రాణి ఈగని తేనె గదిలోకి వెళ్లనివ్వని తీగల జల్లెడ. ఈ తీగ వంగింది చూశారా? కూలి ఈగ దూరి, రాణి దూరలేనంత సందు ఉండాలి, సుమారు 4 మిల్లీమీటర్లు. ఇక్కడ నా చిటికెన వేలే దూరుతోంది. రాణి హాయిగా తేనె గదిలోకెళ్లి గుడ్లు పెట్టేస్తుంది. ఇది పక్కన పడేయడమే.

కాబట్టి పెట్టె, మూత, అడుగు పలక ఉంచుకుంటున్నా. నల్ల పట్టు మొత్తం కోసేసి, తొలవని ఫ్రేములకి తీగ బిగించి కొత్త మైనపు షీట్లు వేస్తా. ఫ్రీజర్ పట్టు ఒకటి మధ్యలో పెడతా, ఆ వాసనకి ఈగలు త్వరగా కుదురుకుంటాయి. ధర విషయానికొస్తే, పట్టుతో సహా లెక్కగట్టి ఎక్కువ చెబితే ఒప్పుకోవద్దు. బేరం ఖాళీ చెక్కకే ఆడండి.